గూడబాతు బిస్కెట్టుకు, రాజహంస కాగితానికి

ప్రశ్న: మేము కావలిలో పదకొండు మంది ఆడవాళ్లం నెలకొకసారి కలుసుకొని పుస్తకాలు చదువుకుంటాం. డిసెంబరులో అందరం కలిసి నేలపట్టు, పులికాటు వెళ్లి పక్షులను చూసి వచ్చాం. సంక్రాంతి దాటిన తర్వాత వచ్చే ఆదివారం సాయంత్రం మా మిద్దె మీద కుటుంబాలతో సహా ఇరవై అయిదు మందిమి కలుస్తున్నాం. ఆ పక్షుల రూపంలోనే కేకు, బిస్కెట్లు ఇంట్లో చేసి, కాగితాలతో అలంకరించాలని నా కోరిక. నా దగ్గర చిన్న ఓటీజీ (కరెంటు ఓవెన్) ఉంది. పోయినసారి చేసిన కేకు నడుమ కుంగింది. గులాబీ రంగు కోసం బీట్‌రూట్ వేస్తే మట్టి రంగు వచ్చింది. ముందు రోజు రాత్రి కట్టిన కాగితాలు సాయంత్రానికల్లా వేలాడిపోయి చిరిగిపోయాయి. మాలో ఇద్దరు గుడ్డు తినరు. ‘బేకరీలో ఫొటో కేకు చెప్తే పోయేదానికి ఇంత యాతన ఎందుకక్కా’ అని మా వాళ్లే అంటున్నారు. ఏం చేయమంటారు?
– ఒక పాఠకురాలు, కావలి

సమాధానం: ఇంట్లోనే చేయండి. మీరు ఈ పక్షులను ఏ పుస్తకంలోంచో, ఏ దుకాణంలోంచో ఎంచుకోలేదు. పదకొండు మంది ఒకే గట్టు మీద నిలబడి చూసి వచ్చారు. ఫొటో కేకు మీద బొమ్మ పలుచని చక్కెర పొర మీద అచ్చు వేసి ఉంటుంది. కత్తి పడగానే అది పోతుంది, దాన్ని ఎవరూ చేత్తో చేయలేదు గనుక ఆ తర్వాత దాని గురించి మాట్లాడుకోవడానికీ ఏమీ ఉండదు. అయితే ఇంట్లో చేయడమంటే మీరొక్కరే చేయడం అని మాత్రం అనుకోవద్దు. ఆ సంగతి చివరన చెబుతాను.

మీరు రాసిన మూడు ఇబ్బందులనూ మళ్లీ మళ్లీ చదివితే నాకు ఒకటే తోచింది. కేకు చేయగల పని ఒకటి, కాగితం చేయగల పని మరొకటి. మీరు కేకును రంగు ఇమ్మన్నారు, ఆకారం ఇమ్మన్నారు, రుచి కూడా ఇమ్మన్నారు. ఈసారి రుచిని కేకుకు, ఆకారాన్ని కాగితానికి అప్పగించండి. రెండింటికీ నడుమ ఉన్న బిస్కెట్టు మీద ఒకే ఒక సులువైన ఆకారాన్ని పెట్టండి, అంతకు మించి బరువు మోపవద్దు.

దీనికి ముందు మీరు ఎంచుకున్న పక్షుల సంగతి కొంచెం తేల్చుకోవాలి. నేలపట్టులో మీరు చూసింది ప్రధానంగా గూడబాతులను, అంటే పెలికాన్లను. అవి నీటిలో నిలిచి ఉన్న చెట్ల మీద గూళ్లు కట్టి పిల్లలను పెంచుతాయి. బూడిద కలిసిన తెలుపు, బరువైన ఒళ్లు, పొడుగాటి ముక్కు, దాని కింద సంచి. పులికాటులో చూసింది రాజహంసలను, అంటే ఫ్లెమింగోలను. అవి అక్కడ గూళ్లు కట్టవు. లోతు లేని ఉప్పునీటిలో మేత కోసం వచ్చి, సన్నని కాళ్ల మీద గుంపులుగా నిలబడతాయి. ఈ రెండు పక్షులూ రెండు వేర్వేరు స్వభావాలు. ఒకటి లావుగా, గుండ్రంగా ఉంటుంది కాబట్టి పిండికి లొంగుతుంది. మరొకటి గీత గీసినట్టు ఉంటుంది కాబట్టి కాగితానికి లొంగుతుంది. అందుకే గూడబాతును బిస్కెట్టుగా, రాజహంసను కాగితంగా చేయమంటున్నాను. రంగులు కూడా మూడే పెట్టుకోండి: మాసిన తెలుపు, లేత గులాబీ, నలుపు. రాజహంస నిలబడి ఉన్నప్పుడు దాదాపు తెల్లగానే కనిపిస్తుంది, రెక్క విప్పినప్పుడే ముదురు గులాబీ, అంచున నలుపు బయటపడతాయి. దుకాణంలో దొరికే కొట్టొచ్చే గులాబీ కాగితం కొన్నారంటే అది మీరు చూసిన పక్షి కాకుండా పోతుంది. స్టేషనరీ దుకాణంలో నెమళ్లు, సీతాకోకచిలుకలు, మెరుపు నక్షత్రాలు కూడా చూపిస్తారు, వాటి జోలికి పోవద్దు. పచ్చదనం కావాలంటే పండుగ మామిడి తోరణాలు ఎలాగూ ఉంటాయి.

ముందుగా బిస్కెట్ల సంగతి. కొన్నేళ్ల క్రితం ఒంగోలులో మా ఇంట్లో ఒక చిన్న కూడిక కోసం నేనే రాజహంస ఆకారంలో నలభై బిస్కెట్లు కోశాను. ఒళ్లు ఉడికేలోగా మెడలు మాడిపోయాయి, మాడనివి పళ్లెంలోకి తీస్తుండగా విరిగాయి. పదకొండు మాత్రమే మెడలతో మిగిలాయి. పిండి సన్నగా ఉన్న చోట వేడి త్వరగా ఎక్కుతుంది కాబట్టి, ఒకే బిస్కెట్టులో అరంగుళం మెడ, మూడంగుళాల ఒళ్లు ఉంటే రెండూ ఒకేసారి కాలడం సాధ్యం కాదు. గూడబాతు వాలి కూర్చున్నప్పుడు మెడను ఒంటి మీదికి ముడుచుకొని, ముక్కును రొమ్ముకు ఆనించుకుంటుంది. ఆ భంగిమను తీసుకుంటే ఎక్కడా రెండు సెంటీమీటర్ల కంటే సన్నని భాగం ఉండదు. అట్టముక్క మీద ఆరేడు సెంటీమీటర్ల పొడవున ఆ ఆకారం గీసి కత్తిరించి, దాని మీద బటర్ పేపరు అంటించుకొని, పిండి మీద ఉంచి చిన్న చాకుతో చుట్టూ కోయండి. అచ్చు కొనవలసిన పని లేదు.

పిండికి ఒకటి, రెండు, మూడు అన్న లెక్క గుర్తుంచుకుంటే చాలు. 100 గ్రాముల చక్కెర పొడి, 200 గ్రాముల ఉప్పు లేని వెన్న, 300 గ్రాముల మైదా, చిటికెడు ఉప్పు. బేకింగ్ పౌడరు గాని, వంట సోడా గాని వేయవద్దు. అవి వేస్తే బిస్కెట్టు పొంగి, మీరు జాగ్రత్తగా కోసిన ముక్కు మొద్దుబారిపోతుంది. వెన్నను, చక్కెరను కలిపి, మైదా చేర్చి, ముద్ద అయ్యేవరకే కలపండి, చపాతీ పిండిలాగా మర్దించవద్దు. రెండు బటర్ పేపర్ల నడుమ ఉంచి అర సెంటీమీటరు మందాన ఒత్తి, ఫ్రిజ్‌లో అరగంట పెట్టి, తీసిన వెంటనే కోసి, కోసిన ముక్కలను మళ్లీ పది నిమిషాలు ఫ్రిజ్‌లో పెట్టండి. మన కోస్తాలో జనవరి మధ్యాహ్నం కూడా వెన్న మెత్తబడేటంత వెచ్చగానే ఉంటుంది. ఆకారం చెడిపోవడానికి చాలాసార్లు అదే కారణం. 170 డిగ్రీల సెల్సియస్ వేడిలో పన్నెండు నుంచి పదిహేను నిమిషాలు, అంచు మాత్రం రంగు తిరిగేవరకు కాల్చండి. కాలిన వెంటనే మెత్తగా ఉంటాయి, చల్లారితే గట్టిపడతాయి. ఈ కొలతకు ముప్పై పైచిలుకు బిస్కెట్లు వస్తాయి. కంటికి ఒక నల్ల నువ్వు గింజను కాల్చకముందే అద్దండి.

ఓటీజీ చిన్నది కాబట్టి మూడు నాలుగు విడతలు పడుతుంది. అదంతా విసుగు అనిపిస్తే మరో దారి ఉంది. మా చిన్నతనంలో పెద్దవాళ్లు మైదా, చక్కెర, డాల్డా పట్టుకెళ్లి బేకరీ వాళ్ల చేత బిస్కెట్లు కాల్పించుకొని డబ్బాలతో తెచ్చుకునేవారు. మీకు తెలిసిన బేకరీ ఉంటే, కోసి పెట్టిన ట్రేలను మాత్రం వాళ్ల ఓవెన్‌లో కాల్చి ఇమ్మని అడగడానికి సంకోచించవద్దు. ఆకారం మీదే, పిండి మీదే.

మరొక ఆలోచన కూడా చెబుతాను, ఇది నాకు చాలా ఇష్టమైనది. కజ్జికాయల చెక్క ఒకసారి చేతిలోకి తీసుకొని చూడండి. ఆ అర్ధచంద్రాకారం గూడబాతు ముక్కు కింది సంచిలా కనిపించదూ? పుట్నాల పప్పు, ఎండు కొబ్బరి, చక్కెర పొడి కూరి, నూనెలో వేయించే బదులు పైన కొంచెం నెయ్యి రాసి 180 డిగ్రీల్లో ఇరవై నిమిషాలు కాలిస్తే, సంచి నిండా మేత పెట్టుకున్న పక్షిని పిల్లలకు చూపించవచ్చు. సంక్రాంతి అరిసెలు తిన్న నోళ్లకు ఇక తీపి మొహం మొత్తి ఉంటుంది కాబట్టి వీటిలో చక్కెర తగ్గించండి. పెద్దవాళ్ల కోసం పక్కన వాము వేసిన కారపు బిస్కెట్లో, పండుగకు చేసిన జంతికలో ఉంచండి.

ఇక కేకు. గుడ్డు తినేవారికి ఒకటి, తిననివారికి ఒకటి అని విడదీయవద్దు. ఇద్దరి కోసం వేరుగా చేసిన చిన్న కేకు వాళ్లకే ఇబ్బందిగా ఉంటుంది. పెరుగుతో చేసే కేకు అందరికీ సరిపోతుంది. ఒక కప్పు మైదా, పావు కప్పు రాగి పిండి, పావు కప్పు కోకో పొడి, ఒకటింపావు టీస్పూను బేకింగ్ పౌడరు, అర టీస్పూను వంట సోడా కలిపి రెండుసార్లు జల్లించండి. మరో గిన్నెలో ఒక కప్పు గట్టి పెరుగును ముప్పావు కప్పు చక్కెరతో, చక్కెర కరిగేదాకా గిలకొట్టి, అర కప్పు వాసన లేని నూనె చేర్చండి. పొడిని రెండు విడతలుగా కలిపి, నెయ్యి రాసిన ఏడంగుళాల గిన్నెలో మూడింట రెండు వంతులకు మించకుండా పోసి, 180 డిగ్రీల్లో ముప్పై అయిదు నుంచి నలభై నిమిషాలు కాల్చండి. ఇరవై అయిదు మందికి ఇలాంటివి రెండు చేయాలి. ఒకే పెద్ద గిన్నెలో రెట్టింపు పిండి పోస్తే చిన్న ఓటీజీలో పైభాగం పగిలి, నడుమ పచ్చిగా మిగులుతుంది.

పోయినసారి నడుమ కుంగడానికి కారణాలు మీ ఉత్తరంలో లేవు గానీ, పెరుగు కేకులో సాధారణంగా జరిగేవి మూడు. పెరుగులోని పులుపు సోడాను తాకగానే గాలి బుడగలు పుట్టడం మొదలవుతుంది. ఆ తర్వాత ఓవెన్ వేడెక్కేదాకా పిండిని పక్కన ఉంచితే ఆ బుడగలన్నీ బయటికి పోతాయి. కాబట్టి ముందు ఓవెన్ వెలిగించి పదిహేను నిమిషాలు వేడెక్కనిచ్చి, ఆ తర్వాతే పొడిని పెరుగులో కలపండి. రెండోది, బాగా పొంగాలని సోడా పెంచడం. పెంచితే ముందు ఎత్తుగా లేచి, గోడ కట్టుకోకముందే కూలిపోతుంది, సబ్బు రుచి కూడా వస్తుంది. మూడోది, చూడాలన్న ఆత్రంతో తలుపు తీయడం. మొదటి ముప్పై నిమిషాలు తీయకండి.

బీట్‌రూట్ ఎందుకు మట్టి రంగు అయిందో చెబితే మీరు మళ్లీ ఆ పొరపాటు చేయరు. పసుపులో సున్నం కలిపితే పారాణి ఎర్రగా అవుతుంది కదా, సున్నంలోని క్షారం పసుపు రంగును మార్చేస్తుంది. వంట సోడా కూడా క్షారమే. బీట్‌రూట్‌లోని ఎరుపు వేడికి నిలవదు, క్షారానికీ నిలవదు. ఓవెన్‌లో ఈ రెండూ కలిసి దాన్ని గోధుమ రంగుకు దించేస్తాయి. అందుకని బీట్‌రూట్‌ను కాలే పిండిలో వేయకుండా, కాలిన తర్వాత పైన పూసే చక్కెర పూతలో వాడాలి. ఒక కప్పు మెత్తని చక్కెర పొడిలో పచ్చి బీట్‌రూట్ రసం నాలుగైదు టీస్పూన్లు, నిమ్మరసం రెండు మూడు చుక్కలు వేస్తే గులాబీ రంగు నిలబడుతుంది, నిమ్మపులుపు ఆ మట్టి వాసనను కూడా కొంత కప్పుతుంది. లేత రంగు కావాలంటే సగం రసం, సగం నీళ్లు. దీన్ని గూడబాతు బిస్కెట్ల మీద ముక్కు, సంచి ఉన్న చోట మాత్రం చిన్న చెంచాతో పూయండి, ఒళ్లంతా అద్దవద్దు. క్రీము పూత జోలికి వెళ్లవద్దని నా సలహా. మిద్దె మీద ఎండ వాలే వేళకు అది జారిపోతుంది, దాన్ని కాపాడడమే మీ సాయంత్రం అంతా అవుతుంది.

రాగి, కోకో కలిసిన కేకు నీళ్లు తగ్గిన పులికాటు బురద రంగులో ఉంటుంది. దాని మీద తెల్లని పక్షులు రావాలి. ఇక్కడే కాగితం కేకుకు సాయం చేస్తుంది. ఏడంగుళాల గుండ్రని బటర్ పేపరు మీద నీటిలో నిలబడిన మూడు నాలుగు రాజహంసలను, వంపు మెడలతో, ఒంటికాలి మీద, గీసి లోపలి భాగాన్ని కత్తిరించి తీసేయండి. ఆ కాగితాన్ని కేకు మీద పరిచి, టీ వడకట్టే జల్లెడతో చక్కెర పొడి చల్లి, కాగితాన్ని నిటారుగా పైకెత్తితే పక్షులు కేకు మీద నిలుస్తాయి. బిస్కెట్టులో విరిగిపోయే మెడలు ఇక్కడ ఎంత సన్నగా ఉన్నా నష్టం లేదు. రెండు సంగతులు గుర్తుంచుకోండి. కేకు పూర్తిగా చల్లారాలి, లేకపోతే చక్కెర కరిగి పక్షి మాయమవుతుంది. చక్కెర పొడిలో నాలుగింట ఒక వంతు మొక్కజొన్న పిండి (తెల్లని కార్న్‌ఫ్లోర్) కలిపితే సముద్రపు తేమను కొంతసేపు తట్టుకుంటుంది. ఒక కేకు మీద నిలబడిన పక్షులను, రెండోదాని మీద ఎగిరే పక్షులను పెట్టవచ్చు.

కాగితపు అలంకరణ విషయంలో మీకు అడ్డుపడినవి రెండు: రాత్రి మంచు, పగటి గాలి. జనవరిలో మిద్దె మీద రాత్రంతా వదిలేసిన కాగితం తెల్లవారేసరికి తడిసి ఉంటుంది. టిష్యూ కాగితమైతే రంగు కూడా దిగుతుంది. మధ్యాహ్నానికి తూర్పున సముద్రం మీది నుంచి గాలి మొదలవుతుంది. కాబట్టి ఏదీ ఆదివారం మధ్యాహ్నం మూడు గంటలకు ముందు కట్టవద్దు, కట్టేది కూడా మెట్ల గది గోడకు పడమటి వైపు కట్టండి. గాలికి అడ్డంగా వెడల్పు కాగితాన్ని రెండు చివరలా బిగించి కడితే అది తెరచాప అవుతుంది, చిరగక మానదు. ఒకే దారానికి వేలాడేదైతే గాలితో పాటు తిరిగి, చిరగకుండా బతుకుతుంది.

అందుకని ఎగిరే రాజహంసలను చేయండి. రాజహంస ఎగిరేటప్పుడు మెడను ముందుకు, కాళ్లను వెనక్కు తిన్నగా చాస్తుంది, గూడబాతేమో మెడను ముడుచుకొని ఎగురుతుంది. ఆ భంగిమలో వంపులు లేవు కాబట్టి మెడ కత్తిరించడమూ తేలికే. చార్టు కాగితంతో ముప్పై సెంటీమీటర్ల ఒళ్లు కత్తిరించండి. ముక్కు నడుమ కిందికి వంగి ఉండాలి, కొస నల్లగా ఉండాలి, ఆ వంపు లేకపోతే అది కొంగ అయిపోతుంది. ఒక పొడుగాటి కొబ్బరి ఈనెకు లేత గులాబీ కాగితం చుట్టి, తల దగ్గర నుంచి తోక దాటి కాళ్లుగా బయటికి వచ్చేటట్టు ఒంటికి అంటించండి. అది వెన్నెముక, అదే కాళ్లు. మామూలు తెల్ల కాగితాన్ని ఒక అంచున గులాబీ, చివర నలుపు రంగు వేసి, వేలెడు వెడల్పున విసనకర్రలా మడిచి, ఒంటికి నడుమ కోసిన నాలుగు సెంటీమీటర్ల గాటులోంచి దూర్చి రెండు వైపులా విప్పితే రెక్కలు వస్తాయి. పక్షిని వేలి మీద ఆనించి ఎక్కడ తూగుతుందో చూసి అక్కడే దారం కట్టండి. ముందుకు వాలుతుంటే తోక దగ్గర ఒక చింతగింజ అంటిస్తే సరిపోతుంది.

పన్నెండు పక్షులు చాలు. మిద్దె అంతటా ఒక్కొక్కటి పరిచేకన్నా, అన్నింటినీ ఒకే మూలన ఎత్తు తగ్గులతో ఒకే దిక్కుకు వెళ్తున్నట్టు కట్టండి. అవి గుంపు పక్షులు, విడివిడిగా కడితే బోసిపోతాయి. ఒకటి రెండింటిని బూడిద రంగు కాగితంతో చేయడం మరిచిపోవద్దు. రాజహంస పిల్ల బూడిద రంగులోనే ఉంటుంది, తినే నాచులోని, చిన్న రొయ్యల్లోని రంగు ఒంటబట్టి తర్వాత గులాబీగా మారుతుంది. పిల్లలు తప్పకుండా అడుగుతారు, చెప్పడానికి మీకొక మాట ఉంటుంది.

జిగురుకు ఒక చెంచా మైదాను ఆరు చెంచాల నీళ్లలో ఉడికిస్తే చాలు. పురుగు పట్టకుండా బైండింగు వాళ్లు మైలుతుత్తం కలుపుతారు, అది విషం, వంట జరిగే ఇంట్లో అది అక్కర్లేదు. రంగు కాగితం తినే పదార్థానికి నేరుగా తగలకూడదు. వార్తాపత్రికల మీద తినుబండారాలు పెట్టవద్దని భారత ఆహార భద్రత, ప్రమాణాల సంస్థ కూడా హెచ్చరించింది. బల్ల మీద ఒక చాప పరిచి, దాని మీద అరటి ఆకులో, విస్తరాకులో వేసి బిస్కెట్లను వరుసగా కూర్చోబెట్టండి. మీ ఇంట్లో ఉదయగిరి చెక్క గరిటెలు, చెంచాలు ఉంటే వడ్డనకు అవే తీయండి, ఆ రంగుకు అవి చక్కగా అమరుతాయి. ఆరు గంటలకే చీకటి పడుతుంది కాబట్టి దీపాలు కావాలి, కానీ కాగితాలకు దగ్గరలో కొవ్వొత్తి వద్దు. చిన్న విద్యుత్ దీపాల దండ ఒకటి గోడ వెంట వేయండి.

ఇక మీ వాళ్ల మాట. యాతన అంటున్నది పని గురించి కాదేమో, ఆ పనిలో తమకు చోటు లేకపోవడం గురించేమో ఒకసారి ఆలోచించండి. పోయినసారి అంతా మీరే చేసి వాళ్లను అతిథులుగా కూర్చోబెట్టి ఉంటారని నా అనుమానం. ఈసారి బుధవారం సాయంత్రం రెండు గంటల పాటు అందరినీ పిలిచి, తలా ఒక పక్షిని కత్తిరించమనండి. పదకొండు మందికి పదకొండు పక్షులు, పన్నెండోది పిల్లలది. ముక్కులన్నీ ఒకేలా రావు, ఎలా వస్తే అలా రానివ్వండి. పులికాటులో కూడా ఏ రెండూ ఒకేలా నిలబడలేదు. వంట తెలియదన్నవాళ్లు కత్తెర పట్టుకోగలరు, కత్తెర పట్టలేని పెద్దవాళ్లు చిన్న కాగితపు ఈకల మీద మీరు చూసిన పక్షుల పేర్లు రాయగలరు: నత్తగుల్ల కొంగ, నీటికాకి, తెల్ల కంకణం. వాటిని తోరణానికి గుచ్చండి.

బిస్కెట్లు శుక్రవారం కాల్చి, పూర్తిగా చల్లారాక మూత బిగువైన స్టీలు డబ్బాలో పెట్టండి. మెత్తబడితే 150 డిగ్రీల్లో అయిదు నిమిషాలు వేడి చేస్తే మళ్లీ కరకరలాడతాయి. కేకులు శనివారం సాయంత్రం చేసి, చల్లారాక మూత పెట్టండి, పెరుగు కేకు మరునాటికి ఇంకా బాగుంటుంది. గులాబీ పూత ఆదివారం ఉదయం వేసి, ఫ్యాను కింద రెండు గంటలు ఆరనివ్వండి. మూడింటికి పక్షులను కట్టడం మొదలుపెట్టి, అందరూ వచ్చి కూర్చున్న తర్వాతే కేకులను మిద్దె మీదికి తెచ్చి, అందరూ చూస్తుండగా చక్కెర చల్లండి. కాగితాన్ని పైకి ఎత్తే పని మాత్రం ఫొటో కేకు తెప్పిద్దామన్న ఆవిడ చేత చేయించండి.